కొట్టినవాడు అప్పుడే బయటికెట్లా వచ్చాడు? దాడి కేసులో బెయిల్ వెనకున్న లెక్క

"నెల కాలేదు, అప్పుడే బజార్లో తిరగతా ఉండాడే!"

చిత్తూరు కోర్టు బయట టీ కొట్ల దగ్గర కాసేపు నిలబడితే ఈ మాట ఎవరో ఒకరి నోట వినపడుతుంది. తిరుపతిలో కత్తిపోట్లు జరిగినా, పల్లెల్లో గట్టు తగాదాలో తలలు పగిలినా పేపర్లో వార్త రెండుసార్లు వస్తుంది. మొదట పెద్దక్షరాలతో "నిందితుల అరెస్టు". కొన్నాళ్లకు లోపలి పేజీలో ఒక మూల "నిందితులకు బెయిల్". ఈ రెండోది చదివి, దెబ్బలు తిన్నవాళ్లు కేసు పోయిందని కుంగిపోతారు. కొట్టినవాళ్ల మనుషులు కేసు గెలిచామని టపాసులు కాలుస్తారు. నిజానికి అప్పటికి కేసు మొదలైందంతే. ఒక్క సాక్షి కూడా బోనెక్కి ఉండడు.

అయితే జడ్జి ఏం చూసి వదిలినట్టు? ఏం చూసి లోపల ఉంచినట్టు?

జామీను అంటే తీర్పు కాదు

పాతవాళ్లు బెయిల్‌ని జామీను అనేవాళ్లు. ఆ మాటలోనే అర్థం ఉంది. ఒక మనిషి పిలిచినప్పుడల్లా కోర్టుకొస్తానని మాటివ్వడం, ఆ మాటకు ఇంకొకరు పూచీ ఉండటం. నేరం రుజువయ్యేదాకా అతను నిందితుడే, దోషి కాదు. విచారణకు ఏళ్లు పడుతుంది. అన్నేళ్లూ అతన్ని ఎక్కడ ఉంచాలన్నది మాత్రమే బెయిల్ పిటిషన్‌లో తేలేది. కొట్టాడా లేదా అన్నది అక్కడ తేలదు.

జనానికి మింగుడుపడనిది ఇదే. జడ్జి ముందున్న కాగితాలన్నీ జరిగిపోయిన దాని గురించి చెబుతాయి: ఎఫ్ఐఆర్, గాయాల సర్టిఫికెట్, రిమాండ్ రిపోర్టు. ఆయన తేల్చాల్సిందేమో జరగబోయే దాన్ని. ఈ మనిషి పారిపోతాడా? సాక్షుల్ని బెదిరిస్తాడా? మళ్లీ కొడతాడా? నిన్నటి కాగితాలతో రేపటిని అంచనా వేయాలి. అంచనా కాబట్టి ఒక్కోసారి తప్పుతుంది కూడా.

2024 జులై 1 నుంచి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత, సీఆర్‌పీసీ స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత వచ్చాయి. మొదటిది నేరాలు, శిక్షల చట్టం, రెండోది అరెస్టు, బెయిల్, విచారణ పద్ధతుల చట్టం. స్టేషన్లలో, కోర్టు వరండాల్లో ఇప్పటికీ హత్యాయత్నాన్ని "త్రీ నాట్ సెవెన్ కేసు" అని, హాజరు కమ్మనే నోటీసును "ఫార్టీవన్ ఏ నోటీసు" అని పాత నంబర్లతోనే అంటున్నారు. నోటికి అలవాటైన అంకెలు అంత త్వరగా పోవు. ఇక్కడ మాత్రం కొత్త నంబర్లే వాడతాను.

ఒకే తగాదా, నాలుగు కేసులు

బంగారుపాళ్యం వైపు పక్కపక్కన రెండు మామిడి తోటలున్నాయనుకుందాం. ఇది ఊహించిన కథే, ఎవరినీ ఉద్దేశించింది కాదు. ఒకాయన పై తోట ఆయన, ఇంకొకాయన కింద తోట ఆయన. తోతాపురి కోతల కాలం. నడుమ గట్టు మీద ట్రాక్టర్ పోయే దారి గురించి మాటామాటా పెరిగింది. పై తోట ఆయన చెయ్యెత్తాడు. ఆ చేతిలో ఏముంది, దెబ్బ ఎక్కడ తగిలింది అన్నదాన్ని బట్టి కేసు మారిపోతుంది.

చెంప మీద కొట్టాడు. ఇది న్యాయ సంహిత 115(2), మామూలు గాయం. ఏడాది వరకు జైలు, లేదా పదివేల వరకు జరిమానా, లేదా రెండూ. బెయిలబుల్. కోర్టు అనుమతి లేకుండా పోలీసులు దర్యాప్తు కూడా మొదలుపెట్టలేరు.

పిడికిలితో గుద్దాడు, పన్ను విరిగింది. పన్ను విరగడం, ఎముక విరగడం చట్టం దృష్టిలో తీవ్ర గాయాలు. 117(2) కింద ఏడేళ్ల వరకు శిక్ష పడొచ్చు. అయినా ఇదీ బెయిలబులే. బెయిలబుల్ అంటే బెయిల్ నిందితుడి హక్కు. పూచీ ఇస్తే వదలాల్సిందే, కాదనడానికి పోలీసులకు గానీ కోర్టుకు గానీ వీల్లేదు. మన వాళ్లు స్టేషన్ బెయిల్ అనేది దీన్నే.

కొడవలి విసిరాడు, ముంజేతి మీద చీరుకుపోయింది, రెండు కుట్లు పడ్డాయి. 118(1), ప్రమాదకరమైన ఆయుధంతో గాయం. శిక్ష మూడేళ్ల వరకే, కానీ నాన్ బెయిలబుల్.

ఇక్కడ ఒకసారి ఆగాలి. పన్ను విరగ్గొట్టినవాడికి ఏడేళ్ల శిక్ష పడే సెక్షన్, బెయిల్ హక్కు. చెయ్యి చీరినవాడికి మూడేళ్ల శిక్ష పడే సెక్షన్, బెయిల్ కోర్టు చేతిలో. "ఎక్కువ శిక్ష ఉంటే నాన్ బెయిలబుల్" అన్న లెక్క దాడి కేసుల్లో తప్పుతుంది. ఇక్కడ ఆయుధం పట్టాడా లేదా అన్నదాన్ని చట్టం పెద్దగా పట్టించుకుంది. అది సబబేనా అంటే నాకు పూర్తిగా సమాధానం దొరకలేదు. పిడికిలి కోపంలో లేస్తుందని, కొడవలి పట్టినవాడు ఒక అడుగు ఎక్కువ వేశాడని సర్దిచెప్పుకోవచ్చు. కానీ మామిడి తోటలో మనిషి చేతిలో కొడవలి ఉండటం వింతేమీ కాదు కదా.

నాలుగోది. మచ్చుకత్తితో తల మీద వేశాడు, పుర్రె చిట్లింది. 118(2), ప్రమాదకర ఆయుధంతో తీవ్ర గాయం. కనీసం ఏడాది, పదేళ్ల వరకు, లేదా జీవిత ఖైదు. చంపాలన్న ఉద్దేశం ఉందని పోలీసులు భావిస్తే 109, హత్యాయత్నం. అందులో గాయమైతే జీవిత ఖైదు దాకా పోవచ్చు. రెండూ నాన్ బెయిలబుల్.

నాన్ బెయిలబుల్ అన్న మాట కూడా జనాన్ని తికమక పెట్టేదే. బెయిల్ రానే రాదని కాదు దాని అర్థం. హక్కుగా రాదు, కోర్టు విచక్షణ మీద వస్తుంది, అంతే.

అందరినీ అరెస్టు చేయాలని లేదు

ఏడేళ్ల వరకు శిక్ష పడే నేరాల్లో అరెస్టు ఎందుకు అవసరమో పోలీసులు కారణాలు రాసి చూపాలని 2014లో అర్నేశ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది. అవసరం లేకపోతే హాజరు కమ్మని నోటీసిస్తే చాలు. ఇప్పుడది సురక్షా సంహిత 35(3). కాబట్టి కొడవలి గీత కేసు నాన్ బెయిలబుల్ అయినా, పై తోట ఆయన నోటీసు తీసుకుని ఇంటికి పోయే అవకాశం ఉంది. కింద తోట ఆయన ఇంట్లోవాళ్లకు అది "పోలీసులు వదిలేశారు" అన్నట్టు కనిపిస్తుంది. నిజానికి అది వదిలేయడం కాదు, దర్యాప్తులో ఒక పద్ధతి.

మచ్చుకత్తి కేసులో మామూలుగా అరెస్టే. 24 గంటల్లోపు మెజిస్ట్రేటు ముందు పెట్టాలి, ఆ తర్వాత రిమాండ్. మెజిస్ట్రేటు చేతులు కొంత కట్టేసి ఉంటాయి. జీవిత ఖైదు దాకా శిక్ష పడే నేరం చేశాడని నమ్మడానికి తగిన కారణాలు కనిపిస్తే బెయిల్ ఇవ్వొద్దని సురక్షా సంహిత 480వ సెక్షన్ చెబుతుంది. పిల్లలు, మహిళలు, జబ్బు మనుషుల విషయంలో సడలింపు ఉంది. సెషన్స్ కోర్టుకు, అమరావతిలోని హైకోర్టుకు 483 కింద ఉన్న అధికారం ఇంతకన్నా విశాలం. అందుకే హత్యాయత్నం కేసుల్లో బెయిల్ మీద అసలు వాదన ఎక్కువగా సెషన్స్ కోర్టులోనే నడుస్తుంది.

గాయాల సర్టిఫికెట్ బరువు

లాయర్లు ఫైలు చేతికి రాగానే మొదట వెతికేది ఊండ్ సర్టిఫికెట్‌ని. డాక్టరు రాసే రెండు మాటల మీద చాలా నడుస్తుంది: సింపులా, గ్రీవియసా.

తీవ్ర గాయం అంటే ఏమిటో న్యాయ సంహిత 116వ సెక్షన్ ఎనిమిది రకాలుగా చెబుతుంది. కన్నో చెవో పోవడం, కీలు పనికిరాకుండా పోవడం, ముఖం శాశ్వతంగా వికారమవడం, ఎముకో పన్నో విరగడం వంటివి అందులో ఉన్నాయి. చివరిది ముఖ్యం. ప్రాణం మీదికి తెచ్చే గాయం, లేదా 15 రోజులు విపరీతమైన నొప్పితో బాధపడేలా, రోజువారీ పనులు చేసుకోలేకుండా చేసే గాయం. పాత ఐపీసీలో ఇది 20 రోజులు. ఐదు రోజులు తగ్గడం చిన్న మార్పులాగే కనిపిస్తుంది. కానీ పదిహేడో రోజు కాయ కోతకు చెట్టెక్కగలిగిన కూలీ పాత చట్టంలో మామూలు గాయమైనవాడు, కొత్త చట్టంలో తీవ్ర గాయమైనవాడు.

కింద తోట ఆయన్ను మొదట చిత్తూరు పెద్దాసుపత్రికి, అక్కణ్నుంచి తిరుపతి రుయాకో వేలూరు సీఎంసీకో తీసుకుపోయారనుకుందాం. మొదటి రోజు డాక్టరు చూసింది నెత్తుటి గాయం. స్కాన్ తర్వాత బయటపడింది పుర్రెలో చీలిక. మొదట 118(1) కింద రాసిన కేసు స్కాన్ రిపోర్టు వచ్చాక 118(2)కో 109కో మారుతుంది. పోలీసులు సెక్షన్ మారుస్తూ కోర్టులో మెమో వేస్తారు. "మొదట చిన్న కేసు పెట్టి, తర్వాత పెద్దది చేశారు" అని నిందితుడి వాళ్లు, "మొదట చిన్న కేసు పెట్టి మమ్మల్ని మోసం చేశారు" అని బాధితుడి వాళ్లు, ఇద్దరూ పోలీసుల్నే అంటారు. కొన్నిసార్లు ఆ అనుమానం నిజం కావచ్చు, కొన్నిసార్లు కారణం ఒట్టి ఎక్స్‌రే మాత్రమే.

ఒకవేళ బెయిల్ వచ్చాక సెక్షన్ పెరిగితే? పన్నెండో రోజు బాధితుడు చనిపోయి కేసు హత్యగా మారితే? పాత బెయిల్ దానికదే కొత్త సెక్షన్‌కు వర్తించదు. అలాగని పోలీసులు నేరుగా పోయి పట్టుకురావడానికీ లేదు. 2019లో ప్రదీప్ రామ్ కేసులో సుప్రీంకోర్టు దీన్ని తేల్చింది. నిందితుడు లొంగిపోయి కొత్త సెక్షన్‌కు బెయిల్ అడగొచ్చు. అరెస్టు కావాలంటే పోలీసులు బెయిలిచ్చిన కోర్టు నుంచి ఆదేశం తెచ్చుకోవాలి.

హత్యాయత్నం విషయంలో ఇంకో మెలిక. 109 నిలవడానికి గాయం పెద్దదే కానక్కర్లేదు, ఉద్దేశం ముఖ్యం. గురి తలకా కాలికా? ఒక దెబ్బా ఐదారా? పడిపోయాక ఆగాడా, ఇంకా కొట్టాడా? "చంపేస్తా" అన్నాడని ఎఫ్ఐఆర్‌లో రాసినంత మాత్రాన ఉద్దేశం రుజువైపోదు. ఆ మాట మన దగ్గర సగం తగాదాల్లో వినపడుతుంది. బెయిల్ దగ్గర జడ్జి దీని లోతుల్లోకి పోడు, పోకూడదు కూడా. పైపైన చూసి, ఆరోపణకు ఆధారం ఉన్నట్టు కనిపిస్తోందా అన్నంత వరకే.

జడ్జి తూచే సంగతులు

ఈ తూకం గురించి మాట్లాడుకుంటే మన ఆంధ్ర నుంచి వెళ్లిన ఒక కేసు గుర్తొస్తుంది. గుడికంటి నరసింహులు వర్సెస్ పబ్లిక్ ప్రాసిక్యూటర్, ఆంధ్రప్రదేశ్ హైకోర్టు. 1977 డిసెంబరులో సుప్రీంకోర్టులో జస్టిస్ కృష్ణయ్యర్ ఇచ్చిన ఆ ఉత్తర్వు ఇప్పటికీ బెయిల్ వాదనల్లో వినపడుతుంది. బెయిల్ అన్నది వ్యక్తి స్వేచ్ఛ, న్యాయం, ప్రజల భద్రత అన్నీ కలిసిన ప్రశ్న అని, జడ్జి తన ఇష్టాయిష్టాల మీద కాక ఒక పద్ధతి మీద తేల్చాలని దాని సారం. అదే ఏడాది రాజస్థాన్ నుంచి వచ్చిన బాల్‌చంద్ కేసులో ఆయన చెప్పిన "బెయిలే పద్ధతి, జైలు కాదు" అన్న మాట ఇంకా ఎక్కువ ప్రచారం పొందింది. ఆ రెండో మాట వెనకే ఉన్న మినహాయింపుల్ని మాత్రం చాలామంది చదవరు. పారిపోయే, న్యాయానికి అడ్డుపడే, మళ్లీ నేరం చేసే, సాక్షుల్ని బెదిరించే సూచనలు ఉంటే తప్ప అని ఆయనే అన్నాడు.

2010లో ప్రశాంత కుమార్ సర్కార్ కేసులో సుప్రీంకోర్టు చూడాల్సిన అంశాల్ని ఒకచోట చేర్చింది. వాటిని మన తోటల తగాదాకు పెట్టి చూద్దాం.

పారిపోతాడా? పై తోట ఆయనకు పదెకరాల తోట, బడికెళ్లే పిల్లలు, పాడి ఉన్నాయి. అన్నీ వదిలి ఎక్కడికి పోతాడు అని లాయరు అంటాడు. చిత్తూరు దాటితే తమిళనాడు, గంటలో వేలూరులో ఉంటాడు అని ప్రాసిక్యూటర్ అంటాడు. సరిహద్దు జిల్లా కాబట్టి ఈ మాట ఇక్కడ తరచుగా వస్తుంది. కానీ సరిహద్దు దగ్గర పుట్టడం ఎవరి నేరమూ కాదు. దాడి తర్వాత పది రోజులు దొరక్కుండా తిరిగాడా, తనే వచ్చి లొంగిపోయాడా అన్నది అంతకన్నా గట్టి ఆధారం.

సాక్షుల్ని బెదిరిస్తాడా? దాడి కేసుల్లో నా దృష్టిలో అన్నిటికన్నా బరువైన ప్రశ్న ఇది. మోసం కేసులో సాక్ష్యం కాగితాల్లో ఉంటుంది, వాటిని పోలీసులు పట్టుకుపోయి ఉంటారు. దాడి కేసులో సాక్ష్యమంటే మనుషులు. పక్క తోటలో కాయ కోస్తున్న కూలీలు, ట్రాక్టర్ డ్రైవరు, బాధితుడి భార్య. వాళ్లు రోజూ పై తోట గట్టు మీదుగానే నడవాలి. కొందరు ఆయన దగ్గరే కూలికి పోవాలి. కొట్టక్కర్లేదు, "రేపటి నుంచి పనికి రావద్దు" అంటే చాలు.

మళ్లీ చేస్తాడా? ఇక్కడ రౌడీషీటు ప్రస్తావన వస్తుంది. రౌడీషీటు పోలీసుల నిఘా రికార్డు, శిక్ష కాదు. వేరే కేసులు పెండింగ్‌లో ఉన్నాయన్న ఒక్క కారణంతో బెయిల్ నిరాకరించరాదని 2012లో మౌలానా రషాదీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. రెండేళ్లకు నీరూ యాదవ్ కేసులో అదే కోర్టు, నిందితుడి నేరచరిత్రను హైకోర్టు పట్టించుకోలేదని అతని బెయిల్ రద్దు చేసింది. ఈ రెండూ కొట్టుకోవు. పాత కేసులే సర్వస్వం కాదని ఒకటి, అసలు లేనట్టు కళ్లు మూసుకోవద్దని ఇంకొకటి. అయితే ఏ కోర్టు హాల్లోనైనా లాయరు మొదటిది చదువుతాడు, ప్రాసిక్యూటర్ రెండోది చదువుతాడు.

ఇంకో సంగతి, ఎవరేం చేశారన్నది. పల్లె గొడవల్లో ఎఫ్ఐఆర్‌లో ఏ1 నుంచి ఏ8 దాకా పేర్లుంటాయి. మచ్చుకత్తి పట్టింది ఏ1. ఏ5 మీద ఉన్నది "అక్కడే నిలబడి రెచ్చగొట్టాడు" అన్న ఒక్క వాక్యం. ఏ8 ఆ రోజు తిరుమలలో ఉన్నానంటాడు. అందరికీ ఒకే కొలత పెట్టలేం. ఏ5కి వచ్చింది కాబట్టి నాకూ ఇవ్వాలని ఏ1 అడగలేడు, ఏ6 అడగొచ్చు. పైగా అదే రోజు పై తోట వాళ్లు కూడా "వాళ్లే ముందు కొట్టారు" అని కౌంటర్ కేసు పెట్టి ఉంటారు. రెండువైపులా గాయాలుంటే ముందు చెయ్యెత్తింది ఎవరన్నది విచారణలో గానీ తేలదు. అది బెయిల్ వైపు కొంచెం మొగ్గు తెస్తుంది.

దెబ్బలు తిన్నవాళ్ల గొంతు

చాలా కాలం బెయిల్ వాదన నిందితుడికీ ప్రభుత్వానికీ మధ్యే నడిచేది. దెబ్బలు తిన్నవాడు వెనక బెంచీలో కూర్చుని, ఏం జరుగుతోందో తెలియక గుమాస్తాను అడిగేవాడు. 2022 ఏప్రిల్‌లో లఖీంపూర్ ఖేరీ కేసులో సుప్రీంకోర్టు, బాధితుల మాట వినకుండా ఇచ్చారని, అవసరమైన అంశాలు చూడలేదని నిందితుడి బెయిల్‌ను కొట్టేసింది. దర్యాప్తు నుంచి ప్రతి దశలో వినిపించుకునే హక్కు బాధితులకు ఉందని ఆ తీర్పు చెప్పింది.

కింద తోట ఆయన దళితుడై, పై తోట ఆయన కాకపోతే, ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కూడా కలవొచ్చు. అప్పుడు దారి వేరు. 18వ సెక్షన్ ప్రకారం ముందస్తు బెయిల్ లేదు. పైకి చూడగానే ఆ నేరం జరిగినట్టే లేదని తేలితే తప్ప ఆ నిషేధం వర్తిస్తుందని 2020లో సుప్రీంకోర్టు వివరణ ఇచ్చింది. బెయిల్ విచారణ గురించి బాధితుడికి ముందే తెలియజేయాలి. ప్రత్యేక కోర్టు ఇచ్చినా నిరాకరించినా అప్పీలు హైకోర్టుకే.

బాధితుల భయానికి జైలొక్కటే మందు అనుకుంటే, దానికి ఎదురు మాటా ఉంది. 2022 చివరికి దేశంలోని జైళ్లలో ఉన్న 5,73,220 మందిలో 4,34,302 మంది ఇంకా విచారణ ఖైదీలే అని జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్క. అంటే నాలుగింట మూడొంతులు. వాళ్లలో కొందరు రేపు నిర్దోషులుగా బయటపడతారు. లోపల గడిచిన ఏళ్లను వాళ్లకు తిరిగిచ్చేవాళ్లు లేరు. పై తోట ఆయన నిజంగా కొట్టకపోయి ఉంటే, గట్టు గొడవలో ఇరికించి ఉంటే? అలాంటివీ మన దగ్గర తక్కువేం కాదు. ఇటు బాధితుడి భార్య రాత్రిళ్లు తలుపు గడియ రెండుసార్లు చూసుకోవడం ఎంత నిజమో, అటు అదీ అంతే నిజం. సాక్షుల రక్షణకు 2018లో సుప్రీంకోర్టు ఆమోదించిన పథకం ఉంది, జిల్లా జడ్జి నాయకత్వంలోని కమిటీకి అర్జీ పెట్టుకోవచ్చు. ఆ సంగతి ఊళ్లో ఎంతమందికి తెలుసన్నది వేరే ప్రశ్న.

జైల్లో రోజులు లెక్కపెట్టే బెయిల్

కేసు మంచిచెడ్డలతో పనిలేకుండా, కేవలం క్యాలెండర్ చూసి ఇచ్చే బెయిల్ ఒకటుంది. దాన్ని డిఫాల్ట్ బెయిల్ అంటారు. పోలీసులు గడువులోగా ఛార్జిషీటు వేయకపోతే నిందితుడికి బయటికొచ్చే హక్కు పుడుతుంది. పదేళ్లు, ఆపైన, జీవిత ఖైదు పడే నేరాలకు గడువు 90 రోజులు, మిగతావాటికి 60.

పై తోట ఆయన్ను జూన్ 2న అరెస్టు చేసి 3న రిమాండ్‌కు పంపారనుకుందాం. రిమాండ్ రోజును కూడా లెక్కలో కలపాలని 2023లో సుప్రీంకోర్టు తేల్చింది. జూన్‌లో 28 రోజులు, జులైలో 31, ఆగస్టులో 31, మొత్తం 90. ఆగస్టు 31 దాటినా 109 కేసులో ఛార్జిషీటు రాకపోతే సెప్టెంబరు 1న పిటిషన్ వేస్తే బెయిల్ ఇవ్వాల్సిందే. అతను అడగకముందే ఛార్జిషీటు పడిపోతే ఆ హక్కు పోయినట్టే. కేసు 118(1) ఒక్కటే అయితే 60 రోజులు, ఆగస్టు 1తోనే ముగుస్తాయి. "పోలీసులు కుమ్మక్కై ఛార్జిషీటు ఆలస్యం చేశారు" అన్న ఆరోపణలు ఇక్కడే పుడతాయి.

ఇంకో లెక్క సురక్షా సంహిత 479వ సెక్షన్‌లో ఉంది. గరిష్ఠ శిక్షలో సగం కాలం లోపలే గడిపితే విడుదల, ఇంతకు ముందు ఏ నేరంలోనూ దోషిగా తేలనివాడికి మూడో వంతు చాలు. మూడేళ్ల శిక్ష పడే 118(1)లో అలాంటివాడికి ఏడాది. జీవిత ఖైదు పడగల 109, 118(2) కేసులకు ఇది వర్తించదు.

పూచీ దొరకనివాళ్లు

బెయిల్ ఉత్తర్వు చేతికొచ్చాక కూడా కొందరు జైల్లోనే ఉంటారు. "ఇద్దరు జామీన్‌దారులు, ఒక్కొక్కరు ఇరవై వేలకు" అని ఉత్తర్వు. పాస్‌పుస్తకమో ఇంటి పన్ను రసీదో ఉన్నవాళ్లు రావాలి. పల్లెలో పై తోట ఆయనకు అది కష్టం కాదు. తిరుపతి బస్టాండు దగ్గర హోటల్లో పనిచేస్తూ, ఆ హోటల్ పైనే పడుకునే ఒడిశా కుర్రాడు గొడవలో ఇరుక్కుంటే? ఈ ఊళ్లో అతనికి పొలమున్న బంధువులు ఎక్కణ్నుంచి వస్తారు?

1978లో మోతీరామ్ అనే తాపీ మేస్త్రి కేసులో సరిగ్గా ఇదే జరిగింది. పదివేల పూచీ అడిగారు, వేరే జిల్లా వాడని అతని సోదరుడి జామీను ఒప్పుకోలేదు. సుప్రీంకోర్టు వెయ్యి రూపాయల సొంత పూచీకత్తు మీద వదలమంది. ఒక తెలుగువాడో మలయాళీయో బస్తర్‌లోనో పోర్ట్‌బ్లెయిర్‌లోనో అరెస్టయితే అక్కడ ఆస్తులున్న జామీన్‌దారుల్ని ఎట్లా తెస్తాడని ఆ తీర్పు అడిగింది. తిరుపతిలో ఆ ప్రశ్న తిరగబడి మన వైపే వస్తుంది. ఉత్తర్వు వచ్చి ఏడు రోజులైనా విడుదల కాకపోతే జైలు అధికారులు జిల్లా న్యాయసేవాధికార సంస్థకు తెలపాలని, నెల దాటితే కోర్టే షరతులు సడలించే సంగతి చూడాలని 2023లో సుప్రీంకోర్టు చెప్పింది.

షరతులు, వాటిని దాటితే

మచ్చుకత్తి కేసులో పై తోట ఆయన పిటిషన్ ఇద్దరు వేర్వేరు జడ్జిల ముందుకు పోయిందనుకుందాం. ఒకరు తలకు తగిలిన దెబ్బ, ఇంకా వాంగ్మూలం ఇవ్వని ఇద్దరు కూలీలు, పది రోజుల పరారీ చూసి కొట్టేస్తారు. ఇంకొకరు నలభై రోజుల రిమాండ్, దాదాపు పూర్తయిన దర్యాప్తు, పాత కేసుల్లేకపోవడం చూసి ఇస్తారు. రెండూ చట్టం లోపలే ఉన్నాయి. కారణాలు రాయకుండా ఇచ్చినా, రాయకుండా కొట్టేసినా మాత్రం పై కోర్టులో నిలవదు.

ఇస్తే షరతులుంటాయి. ప్రతి ఆదివారం స్టేషన్‌లో సంతకం పెట్టాలి. సాక్షుల జోలికి, బాధితుడి ఇంటి వైపు పోకూడదు. ఫలానా మండలంలో అడుగుపెట్టకూడదు. షరతులకూ హద్దుంది. ఫోన్ లొకేషన్‌ను ఎప్పుడూ పోలీసులకు కనపడేలా పెట్టుకోవాలన్న షరతు చెల్లదని 2024 జులైలో సుప్రీంకోర్టు చెప్పింది.

షరతు దాటితే, సాక్షిని బెదిరిస్తే బెయిల్ రద్దు చేయమని అడగొచ్చు. ఇక్కడ రెండు వేరు వేరు సంగతుల్ని కలిపేస్తుంటారు. బెయిలిచ్చిన ఉత్తర్వే తప్పని పై కోర్టు కొట్టేయడం ఒకటి, దానికి నిందితుడు తర్వాత ఏ తప్పూ చేయనక్కర్లేదు. ఉత్తర్వు సరైనదే అయినా బయటికొచ్చాక అతని నడత చూసి వెనక్కి తీసుకోవడం రెండోది. ఇచ్చిన స్వేచ్ఛను లాక్కోవడానికి, మొదట నిరాకరించడానికన్నా బలమైన కారణాలుండాలని 1994 నాటి దౌలత్ రామ్ కేసు చెబుతుంది. "నా వైపు కోపంగా చూశాడు" అంటే చాలదు. ఫోన్ రికార్డో, కొత్త ఫిర్యాదో, సాక్షి వాంగ్మూలమో కావాలి. బెదిరింపులు ఎక్కువగా కాగితం మీద జాడ మిగలకుండానే జరుగుతాయన్నది బాధితుల గోడు. కాగితం లేకుండా రద్దు చేస్తే ఎవరి మీదైనా ఎవరైనా చెప్పొచ్చన్నది లాయర్ల వాదన.

మన కథలో రెండో జడ్జి బెయిలిచ్చారు. కేసు ముగిసేదాకా బంగారుపాళ్యం మండలంలో అడుగుపెట్టవద్దన్నారు. పై తోట ఆయన చిత్తూరులో చెల్లెలింట్లో ఉంటున్నాడు. మళ్లీ మామిడి కోతలొచ్చాయి. తోటలో కాయ ముదిరింది, గుజ్జు ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు బారులు తీరాయి, కొయ్యించడానికి ఇంట్లో మగదిక్కు లేదు. లాయరు షరతు సడలించమని పిటిషన్ వేశాడు, నెల రోజులు చాలన్నాడు. కింద తోట ఆయన కోతలూ అదే నెలలో, అదే గట్టు మీదుగా. ఆయన తన లాయరు చేత అభ్యంతరం వేయించాడు. వాదనలకు జూన్ రెండో వారంలో వాయిదా పడింది.